రాతి ముఖాల ముందు జనం ఆగాలంటే: బరోక్ బస్ట్‌ల ప్రదర్శనకు పబ్లిక్ ప్రోగ్రాములు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికాలో మ్యూజియం స్టడీస్ చదువుతూ ఒక మ్యూజియం ఎడ్యుకేషన్ విభాగంలో ఇంటర్న్‌గా చేరారు. వచ్చే సెప్టెంబరులో అక్కడ 17వ శతాబ్దపు ఇటలీ పాలరాతి బస్ట్‌ల, అంటే తల నుంచి ఛాతీ దాకా మాత్రమే చెక్కిన బరోక్ శైలి శిల్పాల, ప్రదర్శన మొదలవుతోంది. దానితోపాటు నడిపే పబ్లిక్ ప్రోగ్రాముల జాబితా తయారుచేయమన్నారు. మీరు రెండు లెక్చర్లు, ఒక కచేరీ, ఒక ఫ్యామిలీ డే, ఒక సాయంకాలం పార్టీ రాసిచ్చారు. "ఇవి ఏ ఎగ్జిబిషన్‌కైనా సరిపోతాయి కదా, దీనికే ఎందుకు?" అని మీ పైవాళ్లు వెనక్కి పంపారు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నారు.

మ్యూజియంలలో చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మీ పైవాళ్లు అడిగింది సరైన ప్రశ్న. దాన్నే పట్టుకుని పని చేయండి. జాబితాలో ప్రతి ప్రోగ్రాము పక్కన ఒక వాక్యం రాయండి: ఇది అయ్యాక మనిషి ఏ బస్ట్ దగ్గరికి తిరిగి వెళ్తాడు, అక్కడ ఇంతకుముందు చూడనిది ఏం చూస్తాడు? ఆ వాక్యం రాయలేకపోతే ఆ ప్రోగ్రామును కొట్టేయండి. పేరున్న వక్త దొరికాడని, హాలు ఖాళీగా ఉందని దాన్ని ఉంచకండి.

బస్ట్‌ల ప్రదర్శన నడపడం కష్టం. పెయింటింగ్‌లో రంగు ఉంటుంది, కథ ఉంటుంది, వెనకాల ఓ చెట్టో కొండో ఉంటుంది. బస్ట్‌ల గదిలోకి వెళ్తే తెల్లటి తలలు పీఠాల మీద వరసగా కనిపిస్తాయి. ఎవరో కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి), ఎవరో పోప్, ఎవరో రాజుగారి బంధువు. పేర్లు తెలియవు. జనం ఒక చుట్టు చుట్టి, బాగున్నాయనుకుని కాఫీ తాగడానికి వెళ్లిపోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు మరి.

ఈ చిక్కు ఆ కాలపు రోములో బాగా పేరున్న శిల్పి బెర్నినికే బాగా తెలుసు. నికొలస్ స్టోన్ అనే యువ ఇంగ్లిష్ శిల్పి 1638లో రోములో ఆయన్ని కలిసి, ఆయన మాటలు డైరీలో రాసుకున్నాడు. ఒక మనిషి జుట్టు, గడ్డం, పెదవులు అన్నీ తెల్లగా పూసుకుని వచ్చి నిలబడితే రోజూ చూసేవాళ్లే గుర్తుపట్టలేరు, మరి అంతా ఒకే రంగున్న పాలరాతిలో పోలిక తేవడం ఎంత కష్టమో చూడమన్నాడట. 1665లో పారిస్ వెళ్లినప్పుడు ఫ్రెంచి రాజు తరఫున ఆయన వెంట తిరిగిన షాంతెలూ కూడా ఇలాంటి మాటే డైరీలో రాశాడు. కళ్ల కింద నల్లటి వలయాలు చూపించాలంటే అక్కడ రాతిని అసలు మొహంలో లేనంత లోతుగా తొలవాలి. ఆ గుంటలో పడే నీడ రంగు పని చేస్తుంది. పోలిక నిజంగా రావాలంటే మనిషిలో లేనిదాన్ని రాతిలో చేయాలన్నమాట.

మీ ప్రోగ్రాములన్నిటికీ మూలం ఇదే కావాలి. రంగు లేని రాయి ఊపిరి తీస్తున్నట్టు ఎందుకు కనిపిస్తోంది? ఈ ప్రశ్నతో గదిలోకి వెళ్లినవాళ్లు తొందరగా బయటికి రారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర మీరు చూసే ఉంటారు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న, ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ శిల్పం బరోక్ కాలానిది కాదు, 19వ శతాబ్దానిది. కానీ "ఆ పల్చటి ముసుగు కూడా రాయేనా?" అని ఒకరినొకరు అడుగుతూ అక్కడ జనం ఆగిపోతారు. ఒక్క ప్రశ్న చాలు, మనిషి కాళ్లు నిలబడతాయి. బరోక్ బస్ట్‌ల విషయంలో అలాంటి ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిని బయటికి తీయడమే మన పని.

ఈ రంగంలో తప్పకుండా తెలుసుకోవాల్సిన ప్రదర్శన ఒకటుంది. 2008 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లాస్ ఏంజలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో, ఆ తర్వాత చలికాలంలో ఒటావాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ కెనడాలో బెర్నిని బస్ట్‌లనూ ఆయన సమకాలికుల బస్ట్‌లనూ ఒకచోట పెట్టారు. 2009లో ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియం ఇదే విషయం మీద తన ప్రదర్శన చేసింది. వీటి కేటలాగులు ఏ మంచి ఆర్ట్ లైబ్రరీలోనైనా దొరుకుతాయి, ముందు అవి తెచ్చుకోండి. అందులో అదే కాలపు శిల్పులు అల్గార్డి, ఫినెల్లి, దుకెనోయ్ పేర్లు బెర్నిని పేరుతో సమానంగా కనిపిస్తాయి. మీ ప్రోగ్రాముల్లో కూడా అలాగే కనిపించాలి. ఒకే మేధావి కథ చెప్పుకుంటూ పోతే మిగతా పీఠాల దగ్గర ఎవరూ ఆగరు.

మొదట పెట్టాల్సింది శిల్పి చేత రాయి చెక్కించి చూపించడం. మామూలుగా దీన్ని వినోదంలా చేస్తారు. ఓపెనింగ్ రోజున ఒకాయన వచ్చి టకటకా కొడతాడు, జనం ఫొటోలు తీసుకుంటారు, అయిపోతుంది. అలా వద్దు. ఆ శిల్పికి ఒకే ఒక పని అప్పగించండి: ఒక కన్ను, ఒక నోరు, ఒక జుట్టు పాయ. మధ్యాహ్నమంతా కూర్చుని అంతవరకే చెక్కమనండి. ముందు మొనదేలిన సూది ఉలితో పెద్ద పెచ్చులు లేపుతాడు. తర్వాత పంటి ఉలితో కొడితే రాతి మీద సన్నని సమాంతర చాళ్లు పడతాయి. చదును ఉలి వాటిని సమం చేస్తుంది. ఆకురాయి, ఆ పైన ప్యూమిస్ రాయి నునుపు తెస్తాయి. ఒక్కో పనిముట్టుకి ఒక్కో చప్పుడు ఉంటుంది. కళ్లు మూసుకుని వింటే చాలు, ఏ ఉలి నడుస్తోందో కొద్దిసేపట్లో జనమే చెప్పేస్తారు.

పక్కన ఒక బల్ల వేసి, ఒక్కో పనిముట్టుతో ఒక్కో ముక్క చొప్పున సగం చెక్కిన పాలరాతి ముక్కలు పెట్టండి. అందరినీ తాకనివ్వండి. బరమా మాత్రం మరిచిపోవద్దు. 17వ శతాబ్దంలో పెద్ద బరమాను శిల్పి ఒక చోట అదిమి పట్టుకుంటే, సహాయకుడు దానికి చుట్టిన పట్టీని అటూ ఇటూ లాగి తిప్పేవాడు. జుట్టులో లోతైన నీడలూ, లేసులో చిల్లులూ వచ్చింది దానితోనే. ఈ ఒక్క ముక్క చెప్పి గ్యాలరీలోకి పంపితే చాలు, మనుషులు లేసు కాలర్ల ముందు వంగిపోతారు.

పారిస్ లూవ్ర మ్యూజియంలో ఫినెల్లి చెక్కిన మరియా బార్బెరీని బస్ట్ ఉంది. ఎనిమిదో అర్బన్ పోప్ అన్నకూతురు ఆమె. చిన్నవయసులో చనిపోయింది, బస్ట్ ఆ తర్వాత 1626 ప్రాంతంలో చేసింది. మెడ చుట్టూ లేసు చూస్తే గాలికి కదులుతుందేమో అనిపిస్తుంది. రాతిని కాగితమంత పల్చన చేసి, వరసగా చిల్లులు వేసుకుంటూ పోయాడు. ఒక్క చిల్లు అటూ ఇటూ అయితే అంచు ఊడి వచ్చేస్తుంది. ఫినెల్లి కరారా వాడు, పాలరాతి గనుల ఊరి మనిషి. బెర్నిని శిల్పం 'అపోలో–డాఫ్నే'లో డాఫ్నే వేళ్ల చివర మొలిచే ఆ సన్నటి ఆకులు చెక్కింది కూడా ఈయనేనంటారు. పనికి తగ్గ పేరు దక్కడం లేదని 1629 ప్రాంతంలో బెర్నిని దగ్గర మానేశాడు. "వర్క్‌షాప్‌లో చెయ్యి ఎవరిది, పేరు ఎవరిది?" అని ఒక గ్యాలరీ టాక్ పెట్టండి. పెద్ద ఆఫీసుల్లో పని చేసే జనం ఆ టాక్ ఎంత శ్రద్ధగా వింటారో చూద్దురుగాని.

దీనికి సంబంధించి ఒక పని మీరు ఈ వారమే చేయాలి. డిజైన్ విభాగం దగ్గరికి వెళ్లి బస్ట్‌లను గోడకి ఆనించి పెడుతున్నారేమో కనుక్కోండి. ఆ కాలపు బస్ట్‌ల వెనకభాగం చాలావరకు తొలిచి ఉంటుంది. బరువు తగ్గడానికి లోపలి రాయి తీసేసి, మధ్యలో నిలువుగా ఒక వెన్ను మాత్రం ఉంచేవారు. అక్కడ నునుపు చేయరు కాబట్టి ఉలి చాళ్లు అలాగే మిగులుతాయి. ముందువైపు అంతా నునుపు, వెనకవైపు అంతా పని జాడ. చెక్కడం చూసివచ్చిన మనిషికి వెనక్కి వెళ్లి చూసే దారి లేకపోతే సగం ఫలం పోయినట్టే. పీఠాల ప్లాను ఒకసారి ఖాయమైపోతే ఆ తర్వాత ఎవరూ మార్చరు. ఎడ్యుకేషన్ వాళ్లు ఆలస్యంగా వెళ్లి అడగడం వల్లే చాలాచోట్ల ఇది కుదరదు.

చెక్కే పని బయట, నీడలో పెట్టించండి. దుమ్ము లేవకుండా నీళ్లు, శిల్పికి మాస్కు, కళ్లద్దాలు, ముందు వరస జనానికి కొంత దూరం, ఇవి చూసుకుంటే చాలు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రోగ్రాము. దీనికి కొంచెం వెనక కథ కావాలి. ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్ బెర్నిని చేత బస్ట్ చేయించుకోవాలనుకున్నాడు. ఆయన రోము వెళ్లడు, శిల్పి లండన్ రాడు. అందుకని ఆస్థాన చిత్రకారుడు వాన్ డైక్ రాజుగారిని ఒకే కాన్వాసు మీద మూడు వైపుల నుంచి గీశాడు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. ఆ పెయింటింగ్ రోము వెళ్లింది. దాన్ని చూసి బెర్నిని రాతిలో రాజును చెక్కాడు. ఇంగ్లండు మళ్లీ కాథలిక్ దారిలోకి వస్తుందేమోనన్న ఆశతో పోప్ దీనికి ఒప్పుకున్నాడు. బస్ట్ 1637లో లండన్ చేరింది. 1698లో వైట్‌హాల్ ప్యాలెస్ తగలబడినప్పుడు పోయింది. ఇప్పుడు మిగిలింది ఆ మూడు ముఖాల పెయింటింగే. అది బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. తర్వాత కొన్నేళ్లకు ఫ్రాన్సు కార్డినల్ రిషెల్యూ బస్ట్‌ను కూడా బెర్నిని మనిషిని చూడకుండా, చిత్రాలను బట్టే చేశాడు. ఫిలిప్ ద షాంపేన్ గీసిన మూడు ముఖాల చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో, బెర్నిని చేసిన బస్ట్ లూవ్రలో ఉన్నాయి.

ఇప్పుడు దీన్ని వర్క్‌షాప్‌గా మార్చండి. ఐదుగురేసి జట్లు. జట్టులో ఒకరు మోడల్‌గా కూర్చుంటారు. ముగ్గురు ఆ ముఖాన్ని మూడు వైపుల నుంచి పెన్సిల్‌తో గీస్తారు. ఐదో మనిషి వేరే గదిలో ఉంటాడు, మోడల్‌ని చూడడు. మోడల్ ఎవరో అతనికి తెలియకుండా ముందే జట్లు కలపండి. మూడు బొమ్మలూ అతని దగ్గరికి పంపుతారు, వాటిని చూసి మట్టిలో తల చేయాలి. గీయడానికి అరగంట, మట్టి పనికి గంట. ఆ తర్వాత మోడల్‌ని ఆ గదిలోకి పిలవండి.

ఆ క్షణంలో జరిగేది ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ముక్కు సరిగ్గా వస్తుంది. చెవి దాదాపు సరిగ్గా వస్తుంది. మొహం మాత్రం వేరే మనిషిది. అప్పుడు మట్టి చేసిన మనిషి లేచి మోడల్ చుట్టూ తిరుగుతూ, బొమ్మల్లో ఎక్కడ ఏం దొరకలేదో వెతుకుతాడు. బుగ్గ నోటి దగ్గరికి వచ్చే చోట మలుపు, కనుబొమ కింద ఎముక, గడ్డం కింద మాంసం. మూడు బొమ్మల మధ్య సందుల్లో ఉన్నదంతా శిల్పి ఊహించుకోవాల్సిందేనని ఎవరూ చెప్పక్కర్లేకుండా వాళ్లకే అర్థమవుతుంది. చేతికి మట్టి ఆరకముందే అందరినీ గ్యాలరీకి తీసుకెళ్లండి, చేతులు కడుగుకున్నాకే లెండి. ప్రతి ఒక్కరినీ ఒక బస్ట్ ఎంచుకుని దాని చుట్టూ చాలా నెమ్మదిగా ఒక చుట్టు తిరగమనండి. ఎక్కడ ముఖకవళిక మారుతోందో చెప్పమనండి. ఎదురుగా గంభీరంగా ఉన్న మొహం పక్క నుంచి నవ్వబోతున్నట్టు ఉంటుంది. మీరు మౌనంగా ఉండండి, వాళ్లే మాట్లాడతారు.

గ్యాలరీలో గీయడానికి పెన్సిల్ తప్ప మరేదీ అనుమతించరు. మడత స్టూళ్లు కావాలి, కళావస్తువుల రికార్డులూ భద్రతా చూసే రిజిస్ట్రార్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఈ వర్క్‌షాప్‌కి ఖర్చు తక్కువ. ఇరవై మందికి మించి తీసుకోకండి. అంత తక్కువ మందికా అని మీ పైవాళ్లు అడుగుతారు. నెలకు రెండుసార్లు పెడదామని చెప్పండి.

తాకడం గురించి విడిగా చెప్పాలి. కంటిచూపు లేనివాళ్లకు ఏ ప్రదర్శన అయినా మాటలతో వర్ణించి చెప్పేదే అవుతుంది. శిల్పం ఒక్కటే నేరుగా వాళ్లది కాగలదు. ఇటలీలోని అంకోనాలో ఒమెరో మ్యూజియం ఉంది. చూపులేని ఒక దంపతుల సంకల్పంతో 1993లో మొదలైంది, 1999లో ప్రభుత్వ మ్యూజియం అయింది. అక్కడ శిల్పాలన్నీ చేతులతో చూడటానికే. మీ మ్యూజియంలోనూ కనీసం కొన్ని బస్ట్‌లకు మంచి ప్రతులు చేయించమని అడగండి. ప్లాస్టిక్ త్రీడీ ప్రింటుతో రూపం తెలుస్తుంది గానీ చల్లదనం, బరువు తెలియవు. కాబట్టి పక్కన ఒక నిజమైన పాలరాతి ముక్క, ఒక వైపు నునుపుగా, ఒక వైపు గరుకుగా, తప్పనిసరిగా పెట్టండి. కొన్ని మ్యూజియంలు సొంత సేకరణలోని రాతిశిల్పాలను పల్చటి గ్లవ్స్‌తో తాకనిస్తాయి. అరువు తెచ్చిన బస్ట్‌ల విషయంలో ఆ అనుమతి దాదాపు రాదు, ఆశ పెట్టుకోకండి. ఈ టూరును చూపున్నవాళ్లకూ ఒకసారి పెట్టి చూడండి. కళ్లు మూసుకుని పాలరాతి పెదవి అంచును వేలితో తడిమినవాళ్లు గ్యాలరీలో ఆ పెదవుల్నే వెతుక్కుంటారు.

ఇప్పుడు కోస్తాంజా సంగతి. మీ ప్రదర్శనలో ఆ బస్ట్ ఉన్నా లేకపోయినా ఆమె గురించి ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. బార్జెల్లో మ్యూజియంలో ఉన్న కోస్తాంజా బొనారెల్లి బస్ట్ 1636–38 మధ్యది. గెట్టీ ప్రదర్శన కోసం అది లాస్ ఏంజలిస్ కూడా వచ్చింది. ఎవరూ డబ్బిచ్చి చేయమనలేదు, బెర్నిని తన కోసం తాను చెక్కుకున్నాడు. లోపలి చొక్కా కాస్త తెరుచుకుని, పెదవులు విడివడి, ఎవరో పిలిస్తే తిరిగినట్టు ఉంటుంది. ఆమె బెర్నిని సహాయకుడి భార్య. తన తమ్ముడు లుయీజీకి కూడా ఆమెతో సంబంధం ఉందని తెలిసి బెర్నిని అతన్ని చావబాదాడు. నౌకరు చేత ఆమె ముఖాన్ని కత్తితో కోయించాడు. నౌకరును ఊరి నుంచి వెళ్లగొట్టారు. బెర్నినికి 3000 స్కూదీల (అప్పటి రోము నాణేలు) జరిమానా పడింది, పోప్ దాన్ని మాఫీ చేశాడు. వ్యభిచార నేరం కింద నిర్బంధంలో ఉన్నది మాత్రం ఆమే.

ఈ కథను "కళాకారుడి ప్రేమావేశం" అని పోస్టర్లో వేసే మ్యూజియంలు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ కొవిడ్ కాలంలో ఈ బస్ట్‌ను తెచ్చి, యాసిడ్ దాడులకు గురైన స్త్రీల గురించి తీసిన ఫొటోల మధ్య పెట్టింది. మన వరంగల్‌లో 2008లో జరిగిన యాసిడ్ దాడి గుర్తున్నవాళ్లకు ఆ రెండింటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారో వివరించక్కర్లేదు. ఆ పని ఎంతో ధైర్యంగా, ఎంతో సరిగ్గా చేశారని నా అభిప్రాయం. శిల్పం అందం ఏమీ తగ్గలేదు. ఆ ముఖం ఎవరిదో, దానికి ఏం జరిగిందో తెలిసింది, అంతే.

మీరు చేయగలిగింది ఇది. ఒక సాయంత్రం ఇద్దరు మాట్లాడే కార్యక్రమం పెట్టండి. ఒకరు కళాచరిత్ర తెలిసినవాళ్లు, ఇంకొకరు మీ ఊళ్లో హింసకు గురైన స్త్రీల కోసం పనిచేసే సంస్థలోని అనుభవజ్ఞులు. కోస్తాంజా తర్వాతి జీవితాన్ని తప్పకుండా చెప్పించండి. విడుదలై భర్త దగ్గరికి తిరిగి వెళ్లింది, శిల్పాలూ చిత్రాలూ అమ్మే వ్యాపారం నడిపింది, 1662లో చనిపోయింది. ఇరవై ఏళ్లకు పైబడిన ఆ జీవితం కథలో లేకపోతే ఆమె ఎప్పటికీ ఒక గాయంగానే మిగిలిపోతుంది. ఈ కార్యక్రమానికి పిల్లలు రాకూడదని ముందే స్పష్టంగా రాయండి. ఇలాంటి సాయంత్రం ఎవరికైనా పాత బాధ పైకి రావచ్చు. బయటికి వెళ్లి కూర్చోడానికి ఒక గది, మాట్లాడటానికి ఒక మనిషి ఉండేలా చూడండి.

లెక్చర్లు అసలు వద్దని నేను అనను. ఒక్కటి పెట్టండి, అది ప్రదర్శనను రూపొందించిన క్యురేటర్‌ది కావాలి. రెండో లెక్చర్ బదులు షాంతెలూ డైరీ చదివించండి. 1665 జూన్ నుంచి అక్టోబరు దాకా బెర్నిని పారిస్‌లో ఉన్నాడు, వయసు 66. పద్నాలుగో లూయీ బస్ట్ చెక్కాలి. రాజును కదలకుండా కూర్చోమనలేదు. తిరుగుతుండగా, టెన్నిస్ ఆడుతుండగా, మంత్రులతో మాట్లాడుతుండగా గీసుకున్నాడు. మనిషి కదలకుండా ఉన్నప్పటికంటే కదులుతున్నప్పుడే తనలా ఉంటాడని ఆయన నమ్మకం. మాట్లాడబోయే ముందు, లేదా మాట ముగిసిన మరుక్షణం, నోటికి అదే మంచి సమయమన్నాడు. గీసినవన్నీ పక్కన పెట్టేసి నేరుగా రాతి మీదికి వెళ్లాడు. తన బొమ్మలకు తానే నకలు చేయడం ఇష్టం లేదట. చెక్కుతుండగా ఒకసారి రాజుగారి దగ్గరికి వెళ్లి నుదుటి మీద పడ్డ జుట్టు తన చేత్తో సర్దాడని, మర్నాటి నుంచి ఆస్థానంలో అదే ఫ్యాషన్ అయిందని కూడా చెబుతారు. ఇద్దరు నటులు చాలు. ఒకరు షాంతెలూ, ఒకరు బెర్నిని. నలభై నిమిషాల్లో అయిపోవాలి. ఆ వెంటనే గ్యాలరీ ఇంకో గంట తెరిచి ఉంచండి, జనం నోళ్లు చూడటానికి వెళ్తారు. పారిస్ దగ్గరి వర్సెయ్ ప్యాలెస్‌లో ఉన్న లూయీ బస్ట్ మీ గదిలో లేకపోయినా నష్టం లేదు, ఆ మాటలు ప్రతి బస్ట్‌కీ పనికొస్తాయి.

కచేరీకి కూడా ఇదే పరీక్ష. "బరోక్ సంగీతం" అని వివాల్దీని పెట్టకండి, ఆయన పుట్టింది బెర్నిని చనిపోయే రెండేళ్ల ముందు. సెయింట్ పీటర్స్‌లో ఆర్గాన్ వాయించిన ఫ్రెస్కోబాల్ది, బార్బెరీని కార్డినల్ కొలువులో ఉన్న కాప్స్‌బెర్గర్, వీళ్లు మీ బస్ట్‌లలోని మనుషులు నిజంగా విన్న సంగీతం చేసినవాళ్లు. ఒక్కో పాటకు ముందు ఆ గదిలో కూర్చుని విన్న ఒకరి బస్ట్ ఫొటో తెర మీద చూపిస్తే చాలు.

పిల్లలకు కాగితపు కిరీటాలు, టోపీలు వద్దు. ఒక్కొక్కరికీ ఒక సబ్బు బిళ్ల, ప్లాస్టిక్ కత్తి ఇవ్వండి. ముక్కు ఎత్తుగా ఉండాలంటే చుట్టూ ఉన్నదంతా తీసేయాలి, తీసేసింది మళ్లీ అతకదు. ఈ సంగతి ఏడేళ్ల పిల్లకు ఐదు నిమిషాల్లో చేతికి తెలుస్తుంది. మట్టితో చేయడానికీ రాయి చెక్కడానికీ తేడా ఇంతకంటే బాగా చెప్పలేం. ముక్కు విరిగినవాళ్లకు కార్డినల్ బోర్గేసె కథ చెప్పండి. 1632లో ఆయన బస్ట్ పూర్తి కావస్తుండగా రాతిలో దాగి ఉన్న పగులు నుదుటి మీద బయటపడింది. బెర్నిని రహస్యంగా ఇంకో రాయి తెచ్చి రెండోది చెక్కేశాడు. కొడుకు రాసిన జీవితచరిత్రలో మూడు రోజులని ఉంది, బెర్నిని జీవితచరిత్ర రాసిన మరొకాయన, బాల్దినూచి, పదిహేను అంటాడు. ముందు పగిలినదాన్ని చూపించి, కార్డినల్ మొహం చిన్నబోయాక రెండోదాని మీద ముసుగు తీశాడట. రెండూ రోములోని బోర్గేసె గ్యాలరీలో ఉన్నాయి. రెండింటి ఫొటోలు పిల్లల చేతికిచ్చి, ఏది ముందుదో కనిపెట్టమనండి. వదులైన బొత్తాం దాకా వెళ్లి వెతుకుతారు.

తేదీల గురించి కొంచెం. క్యురేటర్ టూర్లు మొదటి రెండు వారాల్లో పెట్టకండి. ఆ రోజుల్లో క్యురేటర్లకు అరువిచ్చిన మ్యూజియంల అతిథులతోనే సరిపోతుంది. వర్క్‌షాప్‌లు మధ్యలో, డైరీ చదవడం అక్టోబరు సాయంత్రాల్లో. చివరి వారం ఏమీ పెట్టొద్దు. ఆ వారం ఎలాగూ రద్దీ ఉంటుంది, గదిలో స్టూలు వేసే చోటు కూడా దొరకదు.

గ్యాలరీల్లో జనానికి వివరించి చెప్పే డోసెంట్ల శిక్షణకు సెక్యూరిటీ గార్డులను కూడా పిలవండి. బస్ట్‌ల పక్కన రోజంతా నిలబడేది వాళ్లే. "ఇది నిజంగా రాయేనా?", "కళ్లలో గుంటలు ఎందుకున్నాయి?" అని జనం మొట్టమొదట అడిగేదీ వాళ్లనే. కనుపాపను లోతుగా తొలిస్తే ఆ నీడే నల్లగా చూపులా కనిపిస్తుందని ఒక గార్డు చెప్పగలిగితే అది కూడా ఒక ప్రోగ్రామే. శిక్షణకు వచ్చిన సమయానికి వాళ్లకు జీతం కట్టించండి, ఆ మొత్తం బడ్జెట్‌లో విడిగా చూపించండి. ఏ బస్ట్ దగ్గర ఏ ప్రశ్న ఎక్కువగా వస్తోందో వారానికోసారి వాళ్లను అడిగి రాసుకోండి. మూడో వారం నాటికి ఆ కాగితం చూసి మిగతా గ్యాలరీ టాకుల విషయాలు మార్చేయండి. ప్రింటయిన బ్రోచర్లో టాకు పేరు లేకుండా తేదీ, సమయం మాత్రమే వేయించండి, అప్పుడు మార్చడం తేలిక.